టెండరైనంక అడిగిండ్రు

బోధన్ దగ్గరి ఒక ఊళ్లో కొత్త దవాఖానకు స్లాబు పడింది. దాన్ని చూడటానికి హైదరాబాదు నుంచి పెద్దసారు వస్తున్నాడని, ఇంజనీరు ఆ ఊరి నర్సును పక్కకు పిలిచాడు.

"అక్కా, ఇది పర్యావరణానికి మేలు చేసే బిల్డింగు. వాడేటోళ్లను అడిగే కట్టాలని రూలుంది. మిమ్మల్ని అడిగినమని సారుకు చెప్పుండ్రి."

"ఎప్పుడు అడిగిండ్రు? నా కలలకొచ్చి అడిగిండ్రా?"

"ఇప్పుడు అడుగుతున్న కద."

"స్లాబు పడ్డంక అడుగుడు మస్తుగుంది సారూ. సరే, కాన్పు గదికి తెరిచే కిటికీ ఒక్కటి పెట్టుండ్రి. ప్లానుల అన్నీ బిగించిన అద్దాలే ఉన్నయ్."

"కిటికీ తెరిస్తే ఏసీ చల్లదనం పోతది."

"కరెంటు పోతే?"

"జనరేటరుకు వేరే టెండరు పిలుస్తం."

"అప్పటిదాంక నొప్పులు ఆపుకొమ్మని చెప్పాల్నా? టెండరుకు ముందు ఒక్క మాట అడిగితే మీ సొమ్మేం పోతుండె?"

"ముందే అడిగితే తలా ఒకటి చెప్తరు. మార్చి దాటితే నిధులు వాపస్ పోతయ్. ఇప్పుడు మారుస్తనంటే కాంట్రాక్టరు ఒప్పుకోడు."

"మరి నేను చెప్పేదానికి ఏం మిగిలింది?"

"గోడల రంగు. పచ్చదా, నీలందా చెప్పుండ్రి."

ఇంతలో కారు వచ్చి ఆగింది. ఇంజనీరు కంటే ముందే ఆమె ఎదురు నడిచింది.

"నమస్తే సార్. మమ్మల్ని అడిగిండ్రు. ఇప్పుడే, గోడకు ఏ రంగు కావాల్నని అడిగిండ్రు. కిటికీ మాత్రం కుదరదట."

పెద్దసారు సంతోషంగా తల ఊపాడు.

"చాలా మంచిదమ్మా. ఇంతకీ ఏ రంగు చెప్పారు?"

"ఏదైనా వేయుండ్రి సార్. కరెంటు పోతే చీకట్ల అన్నీ ఒక్కటే."