పడవ వేలంలో ఏడో నంబరు

నా పేరు గునిల్లా ఓస్‌బెరి. వయసు యాభై నాలుగు. ఇంటి పని చూసుకుంటాను. నా భర్త రోలాండ్ రంపపు మిల్లులో పనిచేస్తాడు. మా ఇల్లు ఓర్‌బో చర్చి పారిష్‌లో, సరస్సుకు పడమటి ఒడ్డున ఉంది. పట్టణ పోలీసు స్టేషన్లో అధికారి కైసా మోర్టెన్‌సన్ అడిగిన మీదట ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. లాయరు కావాలా అని అడిగారు. అక్కర్లేదన్నాను.

నా మీద వచ్చిన ఫిర్యాదు నాకు చదివి వినిపించారు. మొన్న వసంతంలో చనిపోయిన ఇంగెగేర్డ్ గారి వస్తువులు ఇంటర్నెట్లో వేలం వేసినప్పుడు, ఒక చెక్క పడవకు నేను పెద్ద పాట పాడి మిగతావాళ్ళను బెదరగొట్టానని, ఆఖరి రోజు ఆ పాట వెనక్కి తీసుకున్నానని, అలా పడవ ఆవిడ సహచరుడు సిక్స్‌టెన్ ఫోర్స్‌కు చవగ్గా దక్కేలా చేశానని, ఇది మేమిద్దరం కూడబలుక్కుని చేసిన మోసమని అందులో ఉంది. ఫిర్యాదు చేసింది ఇంగెగేర్డ్ గారి అన్న కొడుకు స్టఫాన్. ఆయన మాల్మోలో ఉంటారు. నేను ఆయనను ఎప్పుడూ చూడలేదు.

పాడిన మాట నిజం. వెనక్కి తీసుకున్న మాట నిజం. కూడబలుక్కున్న మాట నిజం కాదు.

మా పడవ అడుగు పలకలు పోయిన శరదృతువులో కుళ్ళిపోయాయి. ఏటా ఆగస్టులో పసుపు బెర్రీల కోసం మేము సరస్సు మధ్య ద్వీపానికి వెళ్తాం. పడవ లేకపోతే బెర్రీలు లేవు, బెర్రీలు లేకపోతే చలికాలానికి జామ్ లేదు. రోలాండ్ ప్లాస్టిక్ పడవ కొందామన్నాడు. ప్లాస్టిక్ పడవలో కూర్చుంటే ఖాళీ బకెట్లో కూర్చున్నట్టు ఉంటుందని నేను ఒప్పుకోలేదు. ఇంటి ఖర్చుల్లో మిగిల్చింది నా దగ్గర కొంత ఉంది. చెక్క పడవ ఎక్కడైనా అమ్మకానికి వస్తుందేమోనని రోజూ వేలం కంపెనీ పేజీ చూసేదాన్ని.

జూన్ మొదటి మంగళవారం ఒకటి కనిపించింది. "చెక్క పడవ, ఐదు మీటర్లు, రెండు జతల తెడ్లు. కట్టినవారి పేరు తెలియదు. ఓర్‌బో ప్రాంతం. గెలిచినవారికి చిరునామా పంపబడును." ఎవరి ఆస్తి అన్నది రాయలేదు. పాడేవాళ్ళ పేర్లు కూడా కనిపించవు, నంబర్లే ఉంటాయి. నాది ఏడో నంబరు.

అది ఇంగెగేర్డ్ గారి పడవ అని నాకు తట్టలేదు. ఎందుకు తట్టలేదని కైసా గారు అడిగారు. ఇంగెగేర్డ్, సిక్స్‌టెన్‌లది తూర్పు ఒడ్డు. చర్చిలో అందరికీ కాఫీ ఇచ్చేటప్పుడు కలుసుకునేవాళ్ళం గాని వాళ్ళ పడవ ఎలా ఉంటుందో నాకు తెలియదు. పైగా ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఉన్నవన్నీ సిక్స్‌టెన్‌వే అనుకున్నాను. ముప్పై ఏళ్ళు ఒకే కప్పు కింద బతికారు. పెళ్ళి చేసుకోలేదు, వీలునామా రాసుకోలేదు. మా వైపు చాలామంది అంతే. అలాంటప్పుడు ఆవిడవన్నీ అన్న కొడుక్కే చెందుతాయని ఈ వ్యవహారంలోనే నాకు తెలిసింది. ఆ పడవను సిక్స్‌టెన్ తన చేతులతో కట్టి ఆవిడ యాభయ్యో పుట్టినరోజుకు ఇచ్చారట. ఇచ్చారు కాబట్టి అది ఆవిడది. ఆవిడది కాబట్టి స్టఫాన్‌ది.

మంగళవారమే పాట పాడాను. రెండో నంబరు నా మీద వంద క్రోనర్లు పెంచాడు. నేను పెంచాను. మర్నాడు పొద్దున పదిన్నర దాటాక అతను మళ్ళీ వంద పెంచాడు. వారమంతా ఇలాగే నడిచింది. అతను ఎప్పుడూ పగలే పాడేవాడు, ఎప్పుడూ వందే. ఎవరో ఆఫీసులో కూర్చుని పని ఎగ్గొట్టి పాడుతున్నారనుకున్నాను. శనివారం మధ్యాహ్నం అతని పాట ఆరువేల ఎనిమిది వందలకు వచ్చింది. నాకు విసుగొచ్చింది. ఆ సాయంత్రం ఒకేసారి తొమ్మిదివేలు పాడాను. తెలిసే పాడాను. వేలం ముగిసేది ఆదివారం సాయంత్రం.

ఆదివారం పొద్దున, గెలిచేదాన్ని నేనే కదా, అడ్డపలకలు గట్టిగా ఉన్నాయో లేవో చూద్దామని ఫొటోలు పెద్దవి చేసి చూశాను. నాలుగో ఫొటోలో నడిమి పలక మీద ఒక కాఫీ కప్పు ఉంది. చెత్త తీయకుండానే ఫొటో తీశారని తిట్టుకున్నాను. ఇంకాస్త పెద్దది చేశాను. కప్పు పిడికి ఎర్ర ఊలు దారం కట్టి ఉంది.

రోలాండ్‌ను పిలిచాను.

"ఇదేమిటో చూడు."

"కప్పు."

"కప్పని నాకూ తెలుసు. ఎవరిదో చూడు."

కళ్ళద్దాలు తెచ్చుకుని చూశాడు. "నీళ్ళలో దూకు, పో," అన్నాడు. "నువ్వు సిక్స్‌టెన్ మీద పాడుతున్నావు."

ఇంగెగేర్డ్ గారు పారిష్‌లో ఏ చావుకైనా, ఏ పెళ్ళికైనా తన కప్పులు అరువిచ్చేవారు. చర్చి కప్పులతో కలిసిపోకుండా ప్రతిదాని పిడికీ ఎర్ర ఊలు కట్టేవారు. ఆ కప్పులు నేను ఎన్నిసార్లు కడిగి ఉంటానో.

కప్పు ఉంటే ఏమిటని కైసా గారు అడిగారు. ఆవిడ ఉమెయో నుంచి బదిలీ మీద వచ్చినవారు. కనుక చెబుతున్నాను. మా పారిష్‌లో ఇంటి పెరట్లో వేలం వేసేటప్పుడు ముందు అందరికీ కాఫీ ఇస్తారు. అందరూ కప్పులు పట్టుకుని వస్తువులు చూస్తూ తిరుగుతారు. పోయినవారి మనుషులకు ఏదైనా వస్తువు మీద మనసుంటే తమ కప్పు దాని మీద పెట్టి పక్కకు వెళ్ళిపోతారు. అంతే. ఎవరూ ఏమీ అనరు. ఆ వస్తువు వచ్చినప్పుడు వాళ్ళు ఒక పాట పాడతారు, ఇంకెవరూ పాడరు, అది వాళ్ళకే ఖాయమవుతుంది. ఇది ఎక్కడా రాసి లేదు. మా అమ్మ వేలంలో నేను ఆవిడ కుట్టు పెట్టె మీద కప్పు పెట్టాను. అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది.

వెంటనే బార్బ్రోకు ఫోన్ చేశాను. బార్బ్రో పట్టణ గ్రంథాలయంలో పనిచేస్తుంది, నా చిన్ననాటి స్నేహితురాలు.

"బార్బ్రో, వేలం పేజీలో ఒక పడవ ఉంది..."

"తెలుసు. కప్పు చూశావా? ఊరంతా చూసింది. ఒక్కరూ వేలు పెట్టలేదు. ఎవడో ఏడో నంబరు గాడు దాపురించాడు చూడు, వాడికి కళ్ళు లేవు, సిగ్గూ లేదు. స్టాక్‌హోం వాడై ఉంటాడు."

"బార్బ్రో."

"సిక్స్‌టెన్ రోజూ కోటు కూడా విప్పకుండా మా కంప్యూటరు ముందు కూర్చుంటున్నాడు. ఇంట్లో ఇంటర్నెట్ లేదు కదా. వంద పెంచడం, వాడు మళ్ళీ పెంచడం. నిన్న మేము మూసేటప్పుడు కూడా, 'ఇంక నేనే ముందున్నాను, బార్బ్రో' అని నవ్వుకుంటూ వెళ్ళాడు. రాత్రి చూస్తే ఆ వెధవ తొమ్మిదివేలు..."

"ఆ వెధవను నేనే."

"ఏమే గునిల్లా, నీకు మతి ఉందా?" అంది. "నువ్వా? చెమ్చాలు కూడా సైజు ప్రకారం సర్దుతావే, ఫొటోలో కప్పు కనిపించలేదా?"

"మొదటి మూడు ఫొటోల్లోనే కొలతలన్నీ తెలిసిపోయాయి. నాలుగోది తెరవలేదు."

"ఇవాళ ఆదివారం. మేము తెరవం. తాళాలు నా దగ్గర ఉండవు. ఆయన ఇంక పాడలేడు, తెలుసా? నువ్వు ఊరుకున్నా పడవ నీకే వస్తుంది."

నాకు అప్పుడే అర్థమైంది. పాడటం మానితే చాలదు. నా పాట పోవాలి. అది పోతే ఆయన శనివారం పాట పైన మిగులుతుంది. గెలిచి ఆయనకు ఇచ్చేయవచ్చు కదా అని కైసా గారు అడిగారు. రోలాండ్ కూడా అదే అన్నాడు. సిక్స్‌టెన్ తీసుకోరు. తాను కట్టిన పడవను మరొకరి చేతి మీదుగా దానంగా తీసుకునే మనిషి కాదు ఆయన. ఆయన్ను ఎరిగినవారు ఎవరైనా ఈ మాట చెబుతారు.

వేలం కంపెనీకి ఫోన్ చేశాను. యెస్పర్ అనే కుర్రవాడు మర్యాదగానే మాట్లాడాడు.

"పాడిన పాట పాడినట్టేనండీ. అంకె తప్పుగా కొట్టి ఉంటేనే తీసేస్తాం. తప్పుగా కొట్టారా?"

"లేదు. పడవలో కాఫీ కప్పు ఉంది."

"కంగారు పడకండి, కప్పు తీసేసే మీకు అప్పగిస్తాం."

"తీయొద్దు బాబూ. అది పెట్టిన కప్పు."

"ఎవరు పెట్టారు?"

నేను వివరించాను. అతను నవ్వాడు. వెక్కిరింపు కాదు, కొత్త విషయం విన్నవాడి నవ్వు. "మా పేజీలో దానికి గడి లేదండీ," అన్నాడు. "అంకె తప్పు పడింది అన్న గడి ఒక్కటే ఉంది. మీరే నొక్కవచ్చు. నేను మాత్రం ఏమీ చెప్పలేదు."

నేను ఆ గడి నొక్కాను. తొమ్మిదివేల పాట పోయింది. సాయంత్రం పడవ రెండో నంబరుకు ఖాయమైంది. సిక్స్‌టెన్‌కు నేను ఫోన్ చేయలేదు. ఏడో నంబరు నేనని ఆయనకు సోమవారం బార్బ్రో చెప్పేదాకా తెలియదు.

తర్వాత స్టఫాన్ ఫిర్యాదు చేశారు. కంపెనీ అప్పగింత ఆపేసింది. పడవ సిక్స్‌టెన్ ఇంటి దగ్గరి ఒడ్డునే ఉంది. దాని చుట్టూ కంపెనీవాళ్ళు పసుపు టేపు చుట్టి, ముట్టుకోరాదని కాగితం అంటించి వెళ్ళారు.

నిన్న సాయంత్రం సిక్స్‌టెన్ మా ఇంటికి వచ్చారు. సరస్సు చుట్టూ తిరిగి సైకిలు మీద వచ్చారు.

"నువ్వేనా ఏడో నంబరు?"

"నేనే."

"గట్టిదానివే. వారం రోజులు నా ప్రాణం తోడేశావు."

"కప్పు చూడలేదు సిక్స్‌టెన్ గారూ."

"చిన్నగా పడిందిలే. ఆ ఫొటో తీసినతను తీసేయనా అన్నాడు. తాగడం అవలేదు, ఉండనీ అన్నాను." మళ్ళీ ఆయనే అన్నారు. "మొన్నటి వానకి పడవ సగం నిండింది. నీళ్ళు తోడొచ్చో లేదో ఆ కాగితంలో రాయలేదు."

కాఫీ ఇచ్చాను. దాల్చినచెక్క బన్ను పెడితే ముట్టుకోలేదు.

"రేపు పోలీసులకి అంకె తప్పు పడిందనే చెప్పమ్మా," అన్నారు. "వాళ్ళూ అలాగే రాసుకుని మూసేస్తారు. నీకూ తంటా ఉండదు, నాకూ ఉండదు."

"మరి కప్పు?"

"కప్పుదేముంది. మర్చిపోయానంటాను."

ఆ మాట ఆయన నా వైపు చూడకుండా అన్నారు. ఉన్నంతసేపూ కాఫీ కప్పు చేత్తోనే పట్టుకున్నారు. మా ఇంట్లో ఏ వస్తువు మీదా పెట్టలేదు. వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళి తొట్లో కడిగి, నా చేతికే ఇచ్చారు.

ఇవాళ పొద్దున కైసా గారు కూడా, అంకె పొరపాటే అయితే రెండు వాక్యాలు రాసి కేసు మూయవచ్చని చెప్పారు. ఆవిడ మంచికే చెప్పారు. రాత్రంతా నేనూ అదే చెబుదామనుకున్నాను. కాని అలా చెబితే సిక్స్‌టెన్‌కు ఆ పడవ నా పొరపాటు వల్ల దొరికినట్టు అవుతుంది. అది అలా దొరకలేదు.

కనుక ఇదీ నా మాట. అంకె తప్పు పడలేదు. ఆ గడి నేను తెలిసే అబద్ధంగా నొక్కాను. నొక్కమని సిక్స్‌టెన్ అడగలేదు, బార్బ్రో అడగలేదు. దానికి జరిమానా ఉంటే నాకు వేయండి. మిగతా ఊరివాళ్ళు ఎందుకు పాడలేదంటే, ఎవరికి వారు కప్పు చూశారు, ఊరుకున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకుని చేసింది కాదు. స్టఫాన్ మీద నాకు కోపం లేదు. ఆయన మా పెరటి వేలాల్లో ఎప్పుడూ కాఫీ తాగలేదు, ఆయనకు ఎలా తెలుస్తుంది? నాలుగో ఫొటో ఆయనకు చూపించమని కోరుతున్నాను. వేలం మళ్ళీ పెట్టాలని చట్టం చెబితే పెట్టుకోవచ్చు. నేను పాడను. ఓర్‌బోలో ఎవరూ పాడరు. ఇది బెదిరింపు కాదు కైసా గారూ, అలా రాసుకోకండి. పడవ ఎవరిదని తేలినా సరే, ఈలోగా అందులో నీళ్ళు ఎవరైనా తోడాలి. నాకు అనుమతి ఇస్తే నేను తోడతాను.

టైపు చేసినదంతా కైసా గారు నాకు చదివి వినిపించారు. ఒక్కచోట "పడవలో మరచిపోయిన కప్పు" అని ఉంది. ఆ మాట కొట్టించాను. దాని మీద "పెట్టిన కప్పు" అని నా చేత్తో రాసి, పక్కన పొడి అక్షరాలు వేశాను. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది. నేను చూసింది, చేసింది తప్ప ఇందులో ఇంకేమీ లేదు.

(సంతకం) గునిల్లా ఓస్‌బెరి

నా ఎదుట నమోదైంది. పడవలో నీళ్ళు తోడేందుకు అనుమతి ఇవ్వడమైనది.

(సంతకం) కైసా మోర్టెన్‌సన్