ఎలుకల బరువు మాత్రం తగ్గలేదు

పందొమ్మిది వందల తొంభయ్యవ సంవత్సరం జూలై పదకొండవ తేదీన మా పోషకాహార పరిశోధన సంస్థలో జూనియర్ శాస్త్రవేత్తగా విధుల్లో చేరిన మా మేడమ్ గారు, ఈ నెలాఖరున కాలేయ జీవక్రియల విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు రాయమని వీడ్కోలు సంచిక సంపాదకవర్గం నన్ను ఆదేశించింది. కాస్త మృదువుగా రాయమని కూడా సూచించింది. ఆ రెండో పని నా వల్ల కాదు. మృదువుగా రాస్తే ఆమే ఒప్పుకోరు.

చేరిన తొలి ఏళ్ళలోనే ఆమె ఫాస్ఫోలిపిడ్లను తమ అధ్యయనాంశంగా ఎంచుకున్నారు. గుడ్డు పచ్చసొనలోనూ సోయా గింజల్లోనూ ఉండే ఈ కొవ్వుజాతి పదార్థాలు చాలకపోతే, కాలేయంలో తయారైన కొవ్వుకు పైపొర కట్టుకుని రక్తంలోకి బయలుదేరే వీలుండదు, ఉన్నచోటే పేరుకుపోతుంది. క్యాంటీన్‌లో మేమంతా భయపడి పచ్చసొన తీసి పళ్ళెం అంచున పెట్టే రోజుల్లో, ఆమె అందరూ చూస్తుండగా దాన్నే ముందు తినేవారు. ‘పచ్చసొన మేడమ్’ అన్న పేరు అలా స్థిరపడింది.

ఆమె భారీ మనిషి. ఈ మాట రాయడానికి నేను సంకోచించను, ఎందుకంటే ఆమె ఏనాడూ సంకోచించలేదు. ఒక సదస్సులో ఆమె ప్రసంగం ముగియగానే, రివటలా ఉండే ఉదరవ్యాధుల వైద్యులొకరు లేచి, ఈ ప్రయోగమేదో ముందు ఆమె తన మీదే చేసుకుని ఉంటే బాగుండేదని చమత్కరించారు. సభ నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆమె వేచి ఉన్నారు.

“నా కాలేయం స్కాన్ తీయించానండీ, శుభ్రంగా ఉంది. మీది ఎప్పుడు తీయించారు?”

ఆయన పౌరుషానికి పోయి తీయించుకున్నారు. కాలేయం నిండా కొవ్వే. ఆ ఫలితం పట్టుకుని నేరుగా మా ప్రయోగశాలకే వచ్చారు. నాటినుంచి ఆమెకు ఆత్మీయ మిత్రులయ్యారు.

అసలు పరీక్ష ఆ తర్వాత ఎదురైంది. కొవ్వు మేతతో పెరిగిన ఎలుకలకు ఫాస్ఫోలిపిడ్లు కలిపి పెట్టగా, వాటి కాలేయంలోని కొవ్వు గణనీయంగా తగ్గింది. బరువు మాత్రం తగ్గలేదు. నిధులిచ్చిన కంపెనీ అప్పటికే సన్నబడే పొడికి డబ్బాలు అచ్చువేయించుకుంది. నాటి సంచాలకులు ఆమెనూ, ఆ ప్రయోగంలో ఆమెతో పనిచేసిన నన్నూ తమ గదికి పిలిపించి, నివేదికలోంచి బరువు తగ్గలేదన్న ఆ రెండో వాక్యం తీసేయమన్నారు. చెప్పకుండా ఊరుకోవడం అబద్ధం కిందికి రాదని నచ్చజెప్పారు.

“లావుగా ఉన్నవాళ్ళకి ఆశ అమ్ముకుంటామంటే, నా ఎలుకల చేత సాక్ష్యం చెప్పించను సార్,” అన్నారు ఆమె.

వారం తిరక్కుండానే ఆమెను వెనక భవనంలోని పాల పరీక్షల విభాగానికి బదిలీ చేశారు. కిటికీ లేని గది, గోడ అవతల జనరేటర్ హోరు. లెక్కల మాస్టారైన భర్త, ఉద్యోగం పోతే తన జీతంతోనే సర్దుకుందాం గానీ వాక్యం మాత్రం వదలొద్దన్నారట. వారి అమ్మాయిని అప్పట్లో బడిలో లావని ఏడిపించేవారు. ఆ పొడి బజారుకొస్తే మొదటి డబ్బా మన పిల్ల చేతిలోనే పెడతారని ఆమె ఆయనతో అన్నారని తర్వాత తెలిసింది. ఆమె సంతకం లేక నివేదిక కదల్లేదు. కంపెనీ విసిగి వెళ్ళిపోయింది. సంచాలకులు మారాక ఆమె తమ విభాగానికి తిరిగివచ్చారు, రెండు వాక్యాలూ అచ్చయ్యాయి.

కొన్నేళ్ళకు ఆ వైద్యమిత్రులతో కలిసి రోగులపై జరిపిన అధ్యయనంలో, ఎలుకల్లో కనిపించినంత మేలు మనుషుల్లో కనబడలేదు. ఇప్పుడే ప్రకటిస్తే ఇన్నేళ్ళ శ్రమ నవ్వులపాలవుతుందని, కొంతకాలం ఆగుదామని ఆయన బతిమాలారు.

“ఆ రోజు వాళ్ళకోసం దాచనిది, ఈ రోజు నాకోసం దాస్తానా?” అని ఆమె ప్రచురణకు పంపేశారు.

నవ్వినవాళ్ళు నవ్వారు. ఆమె మర్నాడే కొత్త ప్రయోగానికి పూనుకున్నారు. ఏ కాలేయానికి మేలవుతోందో, దేనికి కావడం లేదో తేల్చే ఆ పని ఇంకా పూర్తి కాలేదు. దాన్ని మేం కొనసాగిస్తాం. ఎవరు అడ్డుపడ్డా సరే.

మేడమ్, విశ్రాంత జీవితంలో మీకు సలహాలిచ్చేవాళ్ళకు కొదవుండదు. వయసు మీదపడింది కదా, ఇకనైనా కాస్త తగ్గమంటారు, ఒంట్లోనూ మాటలోనూ. మాస్టారి తోడుతో, అమ్మాయి ఆప్యాయతతో, చెక్కుచెదరని ఆరోగ్యంతో మీరు నిండు నూరేళ్ళూ వర్ధిల్లాలి. ఎవరి కోసమూ తగ్గకండి.