పురుగుల డ్రమ్ము

రేకుల పాకలో ప్లాస్టిక్ డ్రమ్ము ముందు యేసుపాదం చతికిలబడి ఉన్నాడు. భార్య కొండమ్మ గుమ్మంలో నిలబడింది.

“ఒక్కటి కూడా కదలట్లేదే, కొండమ్మా!”

“అరవమాక. మన పిల్ల హెలెన్‌కి ఇప్పుడే కునుకు పట్టింది. పొద్దున్నుంచీ ఒకటే వాంతులు.”

“ఎనిమిదో నెల్లో వాంతులేంటే?”

“ఏమో... పురుగులు చలికి ముడుచుకున్నాయేమో, కలిపి చూడు.”

“కలిపా. మెత్తబడిపోయినయ్యి. హోటలు ఎంగిలన్నం, కుళ్ళు టమాటాలు, ఏదేసినా తిని బలిసేవి. చేపలకి మేతగా ఈ పురుగులు కావాలని రేపు చెరువాయన బండి పంపుతానన్నాడు. ఏమివ్వను?”

“పోనీలేవయ్యా. మళ్ళీ పెంచుదువులే.”

“దేంతో పెంచను? విత్తనానిక్కూడా మిగల్లేదు. చేలకి పురుగుమందు కొట్టబోదామంటే నాలుగడుగులకే ఆయాసం. కూర్చుని చేసుకునే పని ఇదొక్కటే దొరికింది నాకు.”

“నేను మిరప కోతలకి పోతున్నాగా.”

“పురుగుల్ని చంపిన చేత్తోనే పెంచుతున్నావా అని ఊరంతా నవ్వారు. నవ్విన నాపచేనే పండుద్దన్నా. పండింది, చూడు!”

“మొన్నటిదాకా బాగానే ఉన్నాయిగా?”

“సిమెంటు తొట్టిలో బాగానే ఉన్నాయి. చోటు చాలట్లేదని నిన్న మొత్తం ఈ డ్రమ్ములోకి మార్చా.”

“ఇది... ఎక్కడిదయ్యా?”

“బాపయ్యగారి చేలోది. పాతబడ్డాయి, రెండూ పట్టుకుపొమ్మన్నారు.”

“పత్తికి మందు కలిపే డ్రమ్ములా?”

“సబ్బేసి రుద్దానే! ఎండబెట్టా. తల లోపలికి పెట్టి వాసన కూడా చూశా. ఏమీ లేదు.”

“నీకు వాసన తెలిసిద్దా? మొన్న కూర మాడిపోతుంటే పక్కనే కూర్చుని, ఉడికిందా అని నన్నడిగావు.”

“ఇన్నేళ్ళు మందు కొట్టినోడికి ముక్కెక్కడ మిగిలిందే? వీటిని నా చేత్తో నేనే చంపుకున్నా. నీకైనా తెలియలేదా?”

“ఈ కాలంలో ఊరంతా మందు కంపే. అది చేనుదో, డ్రమ్ముదో ఎట్టా తెలిసిద్ది?”

“సరే, పారేద్దాం. రెండోది కూడా తీసుకురా. దడి దగ్గర బోర్లించి పెట్టా.”

“అక్కడ లేదయ్యా.”

“మరేదే అది?”

“నువ్వు కడిగిందేగా అనుకున్నానయ్యా. పురిటికొచ్చిన పిల్ల బోరింగు కొట్టలేదని, హెలెన్ వచ్చిన రోజు నుంచీ తాగేనీళ్ళు అందులోనే పడుతున్నా.”