అసిరయ్యకి రెండు ఫేన్లు

ఎల్లాజీ నోరు తెరిచాడంటే అక్కుపల్లిలో సన్యాసయ్య టీ కొట్టు నిండిపోవాల్సిందే. తుపాను గాలికి పడవ సరిహద్దు దాటిపోయి, అవతలి దేశం జైల్లో ఏడాది పైన ఉండి, జబ్బు చేసిందని వాళ్ళు వదిలేస్తే మొన్న ఎండల్లో ఊరు చేరాడు. అదే పడవలో వెళ్ళిన అతని అన్న అసిరయ్య ఇంకా అక్కడే ఉన్నాడు. అసిరయ్య పెళ్ళాం కాసులమ్మ రోజూ చేపల గంప పక్కన దించి ఎల్లాజీ కోతలు వింటుంది. మొగుడి పేరు వినపడేది అక్కడే మరి.

"జైలంటే ఏటనుకున్నారు? మొదటిరోజు గంజి పోసేరు. నేనూరుకుంతానా? 'మాది ఉద్దానం, కొబ్బరి పచ్చడి లేకుండా గంజి తాగం' అనీసేను. పరుగెట్టుకెళ్ళి కాయ కొట్టించేరు. ఆ తర్వాత ఏటయిందో తెలుసా? జైలరు పెళ్ళాం నాసేత సేపల పులుసు ఒండించుకుని ఒక్క ముద్ద తిన్నాది, కళ్ళమ్మట నీళ్ళు. మర్నాటికి వంటసాలకి నేనే పెద్దని."

"మరి అసిరయ్యో?" అన్నాడు సన్యాసయ్య.

"అన్నకేటి! పరుపు మీద తొంగున్నాడు. తలకాడొక ఫేను, కాళ్ళకాడొక ఫేను. నా పులుసు తిని తిని లావెక్కి గుమ్మంలో పట్టకపోతే, గోడ పగలగొట్టి కోర్టుకి తీసుకెళ్ళేరు."

జనం నవ్వారు. కాసులమ్మ నవ్వలేదు. వెళ్ళేనాటికి ఆయన ఎలా ఉండేవాడో ఆమెకి తెలుసు, ఇప్పుడెలా ఉన్నాడో తెలియదు.

"కోర్టులో ఏటయిందో సెప్పనా? మనోళ్ళు విమానమేసుకొచ్చి, 'మా మనుసుల్ని మాకప్పగించండి' అన్నారు. ఆ జడ్జి నాకేసి సూసి, 'పంపితే మీరు ఫేనెయ్యరు, దోమతెర కట్టరు, మరీళ్ళ మానవ హక్కులేటవుతాయి? పంపను' అనీసేడు. రెండు దేశాలోళ్ళూ సెరో రెక్కా పట్టుకుని లాగడమే! యుద్ధమొచ్చీసీలాగుంది. నేనే లేచి, 'బాబూ, నా ఒక్కడి కోసం రక్తాలు పారనియ్యకండి' అని దండమెడితే, జడ్జి ఏడుసుకుంటూ నన్ను పడవెక్కించేడు. అన్నని మాత్రం వదల్లేదు. ఆయన్ని సూడకపోతే ఆ జడ్జికి ముద్ద దిగదు."

కాసులమ్మ లేచి నిలబడింది.

"ఎల్లాజీ, రేపు పలాస నుంచి లాయరు సౌజన్యమ్మ వస్తాది. ఆ జైల్లో మనుసుల్ని ఎలాగ సూత్తన్నారో నువ్వు సెప్తే, పిటిషనేసి మీ అన్నని రప్పిత్తాదట. ఆవిడకీ ఫేన్లూ పరుపులే సెప్తావేటి?"

"నేనేటి అబద్ధమాడతన్నానా వదినా?"

"పెద్దవల ఒడ్డుకి లాగినప్పుడు ముసలోళ్ళు కూడా తాడు కొసైనా పట్టుకుంతారు. పట్టుకున్నోళ్ళకే కూరకని సేపలిత్తారు. నువ్వొచ్చినకాడి నుంచి తాడు ముట్టలేదు, గట్టున నిలబడి కబుర్లు సెప్తావు. ఆ వేళ్ళు ముడుసుకుంతే కదా! ఎవలు విరగ్గొట్టేరు?"

నవ్వులు ఆగిపోయాయి. రెండు అరచేతుల మధ్యా ఇరికించి పట్టుకున్న టీ గ్లాసుని ఎల్లాజీ బల్ల మీద పెట్టేశాడు. వంకర తిరిగిన ఆ వేళ్ళని అందరూ చూశారు.

"రోజూ ఇక్కడే కూకుంతావు గదా వదినా," అన్నాడు మెల్లగా. "నీ ముందర ఇంకేటని సెప్పను?"

కాసులమ్మకి దుఃఖం ముంచుకొచ్చింది. అయినా మాట తడబడనివ్వలేదు.

"నాకు తెలుసు. ఆ కోతలు ఇనే ఇన్నాళ్ళూ ఇంత ముద్ద తిన్నాను. ఇంక సాలు. నువ్వు నిజం సెప్పకపోతే ఆయన అక్కడే సచ్చిపోతాడు."

ఎల్లాజీ ఆ వంకర వేళ్ళతోనే గ్లాసుని పక్కకి నెట్టాడు.

"ఏ బస్సుకొత్తాది ఆవిడ?" అన్నాడు.