ఎదురు గది దాకా

పంతొమ్మిది వందల తొంభై ఒకటి, జూలై ఎనిమిదవ తేదీన మా ఆసుపత్రి కీళ్ళవాత విభాగంలో బాధ్యతలు స్వీకరించిన పెద్ద డాక్టరమ్మగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. శుభసందర్భమని రాయడానికి నా కలం మొరాయిస్తున్నది. వారు కొన్ని నెలలుగా దిగులు జబ్బుతో మంచానికి అతుక్కుపోయి, వైద్యానికి ససేమిరా అంటున్నారు. ఈ మాట దాచకుండా ఈ సన్మాన సంచికలో రాయమన్నదీ వారే. "దాస్తే, సిగ్గుపడొద్దని ఇన్నాళ్ళూ రోగులకి చెప్పిందంతా బూటకమైపోతుంది" అన్నారు.

వారి గదికి ఎదురుగా ఉన్నది నా మనోరోగ విభాగం. నడుమ ఇరుకైన వసారా, మా ఇద్దరి రోగులకూ కలిపి ఒకే చెక్కబల్ల. కీళ్ళు వాచినవారిలో అనేకులు నొప్పి తగ్గిన రోజున కూడా కుంగిపోయే ఉండడం వారి సూక్ష్మదృష్టిని ఆకర్షించింది. దేహంలో వాపును, మంటను పుట్టించే రసాయనాలు కొందరిలో కీళ్ళతో సరిపెట్టుకోక మెదడును సైతం తాకి మనసును కుంగదీస్తాయన్న విషయాన్ని, నేను పెదవి విరుస్తున్న కాలంలోనే వారు శ్రద్ధగా అధ్యయనం చేశారు. సిబ్బంది 'మంట డాక్టరమ్మ' అని పేరు పెట్టారు. "తంటా డాక్టరమ్మ అన్లేదు, నయం" అని వారు నవ్వేశారు.

ఒకనాడు వేళ్ళు వాచి కత్తెర పట్టలేని దర్జీ ఒకాయన భార్యతో వచ్చాడు. ఆయన తలెత్తడు, పలకడు. నా గదికి వెళ్ళమంటే ఆ ఇల్లాలికి కోపమొచ్చింది.

"మావారికి వేళ్ళు వాచాయని వచ్చామండీ. పిచ్చేం లేదు."

"వేలు వాస్తే వేలుని తిడతామా అమ్మా? మనసైనా అంతే. పదండి, నేనూ వస్తా" అంటూ డాక్టరమ్మగారు ఆయన చేయి పట్టుకుని వసారా దాటించారు. కీళ్ళ మందు వారిదీ, దిగులు మందు నాదీ పనిచేయగా, ఆయన మళ్ళీ కత్తెర పట్టాడు. అది మొదలు ఏ రోగినీ వారు ఒంటరిగా నా గదికి పంపలేదు.

తరువాతి కాలంలో మంటను తగ్గించే మందులను దిగులు రోగులకు ఇచ్చి పరిశీలించారు. రక్తపరీక్షలో మంట హెచ్చుగా ఉన్నవారిలో కొందరికి ఉపశమనం కలిగింది, మంట లేనివారికి ఆ మందు ఒరగబెట్టింది ఏమీ లేదు. రెండో మాటను కూడా వారు మొదటి మాటంత గట్టిగా చెప్పారు.

ఆ పరీక్షే ఈ ఏడు తమకూ చేయించుకున్నారు. మంట లేదు. ఆ మధ్య వారింటికి చూడబోతే, కర్టెన్లు వేసిన గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. "మాత్రలు తెచ్చి పెడుతున్నానండీ. ముట్టుకోవట్లేదు" అన్నారు వారి భర్త, గుమ్మంలోనే ఆగిపోయి.

"రక్తం శుభ్రంగా ఉంది, చూశారుగా" అన్నారు డాక్టరమ్మగారు. "ఇంకిది జబ్బెలా అవుతుంది? నా చేతకానితనం, అంతే."

నాకు ఒళ్ళు మండింది. "మంట లేనివాళ్ళకి వేరే మందులు లేవా? వాళ్ళని నేనిన్నాళ్ళూ ఉత్తినే చూశానా? సరే, వాపు కనబడకుండా నొప్పని వచ్చినవాళ్ళని మీరెప్పుడైనా అబద్ధాలకోరని వెళ్ళగొట్టారా?"

"లేదు" అన్నారు, దుప్పటి మీదికి లాక్కుని. నేను ఏడుస్తూ మెట్లు దిగాను.

అమ్మా, ఈ సంచిక మీ వారు మీకు చదివి వినిపిస్తారని తెలిసి రాస్తున్నాను. మీకు సంపూర్ణ ఆరోగ్యము, దీర్ఘాయువు కలగాలని మేమంతా మనసారా కోరుతున్నాము. అయితే ఆరోగ్యం కోరుకుంటే వచ్చేది కాదని రోగులకు చెప్పినవారు మీరే. సన్మాన సభకు రాలేకపోతే మానెయ్యండి, జ్ఞాపిక ఇంటికి పంపుతాము. సోమవారం ఉదయం మాత్రం మన బల్ల దాకా రండి. అక్కడినుంచి మీరు ఒంటరిగా నడవనక్కరలేదు. నేను బయటికి వచ్చి మీ చేయి పట్టుకుంటాను.