పడవకు కొలతలు

ఒంటి మనిషి కూర్చుని గాలం వేసుకునే చిన్న పడవలు, కయాకులు, అమ్మే కొట్టు. మెడలోని టేపు తీయడం మరిచి వచ్చిన టైలరు, ఆయన్ని వెనక్కి లాక్కుపోదామని వెంటబడి వచ్చిన భార్య, మూడు నెలలుగా ప్యాంటు కోసం ఎదురుచూస్తున్న కొట్టతను.

“అది కాదు మాస్టారూ, ముందు నా ప్యాంటు సంగతి తేల్చండి. పడవ తర్వాత చూద్దాం.”

“ప్యాంటు అయిపోయినట్టే బాబూ. గుండీలే మిగిలాయి.”

“గుండీలని నా మీదికి తొయ్యకు. గుండీలు కుట్టేది నేను. ఆ ప్యాంటు నా చేతికి వస్తే కదా. తమ్ముడూ, నీ గుడ్డ ఇంకా నువ్విచ్చిన సంచిలోనే ఉంది.”

“సంచిలోనా? మరి మొన్న కొలత సరిచూస్తాను రమ్మన్నారు?”

“వచ్చావా?”

“వచ్చాను. కొట్టు మూసి ఉంది.”

“చూశావా మరి. ఆలస్యం నావల్ల కాదు.”

“ఈయనతో మాటల్లో గెలవలేవులే తమ్ముడూ. కట్టుకున్నదాన్ని, నాకే ఇరవై ఏళ్లలో రెండంటే రెండుసార్లు కుట్టిపెట్టాడు. నా బట్టలు పక్కవీధి టైలరుకి ఇచ్చుకుంటున్నాను, చెప్పుకుంటే సిగ్గుచేటు. అది సరే. నువ్వు మంచివాడివి కనక ఒక మాట చెప్తాను. ఈ మనిషికి పడవ అమ్మకు.”

“ఏం అక్కా?”

“ఈత రాదు.”

“ఈత రాదా మాస్టారూ?”

“వస్తుంది.”

“ఎక్కడ వస్తుంది? బకెట్టు నిండిపోతుంటే పంపు కట్టడానికి నన్ను కేకేస్తాడు. మోకాలి లోతు నీళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయి ఈయనకి.”

“అందుకే కదా వెడల్పాటి పడవ అడుగుతున్నది.”

“మునిగేవాడికి వెడల్పయితేనేం, సన్నమైతేనేం?”

“ఏమిటే నలుగురిలో...”

“ఉన్నది ముగ్గురం.”

“బాబూ, నువ్వు చూపించు. ఆవిడ అలాగే అంటూ ఉంటుంది.”

“సరే, చూడటానికేముంది. ఇదిగో, ఇది సన్నంగా ఉంటుంది, బాణంలా పోతుంది. కాళ్లు లోపలికి దూర్చి కూర్చోవాలి.”

“ఉండు. నడుము దగ్గర ఇరవై రెండంగుళాలు. బాగా బిగుతు.”

“పడవని టేపుతో కొలిచే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను.”

“బోల్తాపడితే అందులోంచి బయటపడటం తెలిసుండాలి. ఈయనకి తలకి పట్టిన చొక్కా విప్పడానికే ఇద్దరి సాయం కావాలి. పైగా గాలం విసరాలంటే ఒళ్లు తిరగాలి. ఇందులో తిరిగే చోటేది? చేపలకి ఇది పనికిరాదు.”

“అక్కకి బాగా తెలుసే.”

“నాకేం తెలుసు? ఊరికే అన్నాను.”

“అయితే ఇటు రండి. ఇది పైన కూర్చునేది. వెడల్పు, నిదానం. మొదటిసారి కొనేవాళ్లకి నేను ఇదే చెప్తాను.”

“బాబూ, దీనికి చిల్లులున్నాయి.”

“ఉంటాయి మాస్టారూ.”

“ఉంటాయా? అడుగున ఇన్ని చిల్లులు పెట్టుకుని, కొత్తదని అమ్ముతున్నావా? నేను జేబుకి చిల్లున్న చొక్కా ఇస్తే ఊరుకుంటావా నువ్వు?”

“మీరు అసలు చొక్కా ఇస్తే కదా. అవి చిల్లులు కాదు, గొట్టాలు. పైనుంచి కిందికి ఉంటాయి. అల తన్ని మీద పడ్డ నీళ్లు వాటిలోంచి కిందికి పోతాయి. పడవ కడుపులో గాలి ఉంటుంది, అది ఎటూ పోదు.”

“నిజమేనంటావా? ఏమే, నిజమేనా?”

“నన్నెందుకు అడుగుతావు? నిజమే. ఆ పైన కూర్చుంటే, పడ్డా మళ్లీ ఎక్కొచ్చు. ఈత వచ్చినవాళ్లయితే.”

“సరే, ఇంకోటి ఉంది, మాస్టారి కోసమే చేసినట్టుంటుంది. చూడండి, ఇది కాళ్లతో తొక్కేది. చేతులు ఖాళీగా ఉంటాయి, హాయిగా గాలం పట్టుకోవచ్చు. రోజంతా మిషను తొక్కే మనిషికి ఇంకేం కావాలి?”

“వద్దు.”

“ఒక్కసారి తొక్కి...”

“వద్దు బాబూ. తెడ్డు వేసేదే కావాలి.”

“నీకు కాస్తో కూస్తో చేతనయ్యేది తొక్కడమొక్కటే కదయ్యా. తెడ్డు పట్టుకోవడం తెలుసా అసలు? ఏదీ, పట్టుకో చూద్దాం.”

“ఇదిగో. ఇలా.”

“అది గజంబద్ద కాదు.”

“మరెలా పట్టుకోవాలి?”

“ఇటివ్వు. చేతుల మధ్య ఇంత ఎడం ఉండాలి. మోచేతులు ఒంటికి అంటుకోకూడదు. భుజాలతో లాగితే గంటలో పడిపోతావు, నడుము తిరగాలి. ఇలా. మళ్లీ ఇటు. ఇలా... ఏం చూస్తున్నారు ఇద్దరూ?”

“ఏం లేదు. ఎడం ఎంత అన్నావు?”

“తీశాడు టేపు. నా చేతుల మధ్య కొలిచి నువ్వేం చేస్తావు?”

“అక్కా, మీరు ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారు?”

“మా నాన్నది రేవు. ఏటికి అటువాళ్లని ఇటు, ఇటువాళ్లని అటు దాటించేవాడు. నాకు పన్నెండేళ్లు రాగానే తెడ్డు చేతిలో పెట్టాడు. పొద్దున నేను చేపలు పట్టి తెస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.”

“ఇప్పుడు?”

“ఇప్పుడేముంది, గుండీలు. నా సంగతి కాదిక్కడ. తమ్ముడూ, నవ్వులాటకి అనడం లేదు. మా రేవులో నీళ్లని తేలిగ్గా చూసినవాళ్లని ఇద్దర్ని మా నాన్న ఒడ్డుకి చేర్చాడు. ఆలస్యంగా చేర్చాడు. అది చూసినదాన్ని నేను. ఈ మనిషిని నీళ్ల మీదికి పంపి ఇంట్లో కూర్చుని గుండీలు కుట్టడం నావల్ల కాదు.”

“విన్నారా మాస్టారూ?”

“విన్నాను. ఆ చిల్లుల పడవే తియ్యి బాబూ. ఏమే, ఆ కొస పట్టుకుని ఎత్తు.”

“ఇప్పటిదాకా నేను చెప్పింది గోడకా?”

“నా భుజం నొప్పి. బరువు చూడొద్దా? ఎత్తు ఒకసారి.”

“ఎత్తాను. ఇదేం బరువు. ఒక్కదాన్నే చంకన పెట్టుకుపోతాను.”

“అయితే తేలికే. బాబూ, పదడుగులది ఇదేనా? ఇదే ఉంచు. ఇప్పుడు సీటు. కూర్చో.”

“నేనా?”

“నా మోకాళ్లు వంగవు కదా కిందికి. నువ్వు కూర్చుని ఎలా ఉందో చెప్పు.”

“మోకాళ్లు వంగనివాడికి పడవ. ఇదిగో, కూర్చున్నాను. సీటు బాగానే ఉంది, వీపుకి ఆనుతోంది. కాళ్లు తన్నిపెట్టుకునే పట్టీయే దూరంగా ఉంది, అందడం లేదు.”

“బాబూ, ఆ పట్టీ సీటు దగ్గరికి జరుపు.”

“అక్కకి అందితే మీ మోకాళ్లు గడ్డానికి తగులుతాయి మాస్టారూ. మీది పొడుగు కాలు.”

“జరపమన్నానా? ఇంకాస్త. ఆఁ, అందిందా? ఎన్నో గాడి అది?”

“మూడోది.”

“మూడో గాడిలోనే బిగించెయ్యి.”

“ఇది కొనేది తనకో, ఎవరికో... మతి ఉందా నీకు?”

“గాలం కర్రలు నిలబెట్టుకునే గొట్టాలు ఎన్ని పెడతావు బాబూ?”

“రెండు చాలు. మొదటిసారి కదా, కర్రలెక్కువైతే తాళ్లు మెలిపడి చేపలు పట్టడం మాని చిక్కులు తీసుకుంటూ కూర్చుంటారు. అందరికీ కుడివైపు పెడతాను.”

“ఎడమవైపు పెట్టు.”

“నువ్వు కుడిచేత్తో కత్తిరిస్తావు, కుడిచేత్తో తింటావు. ఎడమవైపెందుకు?”

“అటు ఖాళీగా ఉంది కదా.”

“ఇటూ ఖాళీగానే ఉంది.”

“ఎడమవైపు పెట్టమన్నాను.”

“పెడతాను మాస్టారూ, కొనేవారి ఇష్టం. తెడ్డుకి ఈ తాడు కట్టుకోవాలి, చెయ్యి జారినా కొట్టుకుపోదు. ఈల ఒకటి. తడవని డబ్బా ఒకటి, ఫోను పెట్టుకోవడానికి. ఇదిగో లంగరు, చిన్నదే, మడత పడుతుంది. దీనికి తాడు ఇలా ముడేసి...”

“అలా వేస్తే రెండు లాగుళ్లకి ఊడుతుంది తమ్ముడూ.”

“ఇన్నాళ్లూ ఇలాగే వేసిస్తున్నాను అక్కా.”

“అందుకే నీ దగ్గర లంగర్లు బాగా అమ్ముడవుతున్నాయి. ఇటివ్వు. ఒక చుట్టు, ఇంకో చుట్టు, లోపల్నుంచి తీసి కిందికి. లాగు ఇప్పుడు. గట్టిగా లాగు.”

“రావడం లేదు.”

“రాదు.”

“ఈ ముడి ఎక్కడో చూశాను.”

“నీ పాత ప్యాంటుకి చూసుంటావు బాబూ. ఆవిడ గుండీలకి వేసేది అదే ముడి.”

“నిజమే మాస్టారూ. ఆ ప్యాంటు మోకాళ్ల దగ్గర చిరిగింది, అంచులు పోయాయి, గుండీ మాత్రం అలాగే ఉంది. మా ఇంట్లో దాన్ని నేల తుడవడానికి వాడుతున్నారు, గుండీతో సహా.”

“పాతది నేలకి పోయింది, కొత్తది ఇంకా సంచిలోనే ఉంది. ఇంతకీ ఏవయ్యా, ఈ షికారు ఎప్పుడు?”

“ఆదివారం ఆదివారం.”

“ఆదివారమే కదా కొట్టుకి నలుగురూ వచ్చేది. ఎవరు చూస్తారు?”

“నేనే చూసుకుంటాను.”

“నువ్వు నీళ్ల మీదుంటే కొట్టెలా చూస్తావు?”

“అదే... మరి... పొద్దున పడవ, ఆ తర్వాత కొట్టు. బాబూ, ఈ సీటుకి రంగులున్నాయా?”

“మాట మారుస్తున్నాడు. తమ్ముడూ, ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను, ఈయన అబద్ధమాడేటప్పుడు టేపు చుట్టలు చుడతాడు. చూడు, చుడుతున్నాడు.”

“చేతులు ఊరికే ఉండక...”

“ఇంత మొండితనం నీకు ఎప్పుడూ లేదు. మూలనున్న మూడో మిషను అమ్మేశావు, ఎందుకంటే చెప్పలేదు. ఇప్పుడు చూస్తే దీనికి. ఏం కావాలయ్యా నీకు? చేపలు తినాలనుంటే కొని వండి పెట్టనా? ఇంట్లో నా నోరు భరించలేక నీళ్ల మీదికి పారిపోదామనా?”

“ఛ.”

“మరి చెప్పు.”

“చెప్తాను. సామానంతా అయిపోనీ.”

“అయిపోయినట్టే మాస్టారూ. ఇక లైఫ్ జాకెట్. అది లేకుండా పడవని గుమ్మం దాటనివ్వను, అది నా పద్ధతి.”

“ఇప్పటికి ఒక మంచి మాట అన్నావు. రెండు తొడుగు ఈయనకి, ఒకదాని మీద ఒకటి.”

“ఒకటే, కానీ ఒంటికి అతికినట్టుండాలి. వదులైతే నీళ్లలో పైకి జారి మొహానికి అడ్డం వస్తుంది, బిగుతైతే తెడ్డు ఆడదు. ఆ టేపు ఇలా ఇవ్వండి మాస్టారూ. ఇన్నాళ్లకి మీ కొలతలు నేను తీసే రోజు వచ్చింది.”

“టేపుతో పని లేదు. రాసుకో. ఛాతీ ముప్పై ఆరు. నడుము ముప్పై. భుజం పద్నాలుగు. మెడ నుంచి నడుముకి పద్నాలుగున్నర.”

“ముప్పై ఆరా? మాస్టారూ, మీ పొట్ట మీకంటే ముందు నా కొట్లోకి వచ్చింది. ముప్పై ఆరులో మీకు సగం కూడా పట్టదు.”

“నువ్వు రాయి.”

“ఇవి మీ కొలతలు కావు.”

“నావని ఎవరన్నారు?”

“మరెవరివి? అక్కా, ఈ కొలతలు ఎవరివో మీకేమైనా... అక్కా?”

“ఆవిణ్ణి అడక్కు బాబూ. నాకు ఈత రాదని ఇందాకట్నుంచీ తనే చెప్తోంది కదా. నేనెందుకు దిగుతాను నీళ్లలోకి? ఒడ్డున స్టూలు వేసుకుని, చేతిపని ఏదో పెట్టుకుని కూర్చుంటాను. కొట్టు కాస్త ఆలస్యంగా తెరిస్తే నలుగురూ తిట్టుకుంటారు, నాకు అలవాటే.”

“అయితే ఆ ఎడమవైపు గొట్టాలు...”

“తనది ఎడమచేతి వాటం.”

“మూడో గాడి...”

“మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకోకుండా నేను ఏదీ ఖాయం చెయ్యను బాబూ. ఇరవై ఏళ్లు నా కొట్లో కూర్చుని గుండీ గుండీకీ లంగరు వేసింది. ఒక్క రోజన్నా పడవకి వేసుకోనీ.”

“ఇంతకీ గుండీలు ఎవరు కుడతారు?”

“నేనే. నీ ప్యాంటుతో మొదలుపెడతాను.”

“అయితే నేనింకో మూడు నెలలు ఆగాలి. సరే, ఛాతీ ముప్పై ఆరు అన్నారు కదా, రాస్తున్నాను.”

“రాయకు తమ్ముడూ. ముప్పై ఎనిమిదిన్నర. ఈ మనిషి ఇంకా పెళ్లినాటి కొలతలే పట్టుకుని తిరుగుతున్నాడు.”