అత్త సేతిలో ఎముక

"అవ్వా, రేపు మాకు నర్సింగు పరీక్ష. సేతిలో నెత్తురు ఆపే సోటు యాడుండాదో నాకు దొరకడం లేదు. నువ్వు ఆ కాలంలో మదనపల్లెలో నేర్సుకున్నావంట గదా?"

ఎవురు సెప్పినారు నీకు, మీ నాయనా? నేను యాడ నేర్సుకున్నా పాపా, నన్ను సూసి అందురూ నేర్సుకున్నారు. సెప్తా ఇను. మాది కుప్పం గదా, మా నాయన పాదిరిగారిని అడిగి నన్ను మదనపల్లెలో మిషన్ ఆసుపత్రిలో పనికి పెట్టినాడు. తెల్లోళ్ల రెండో యుద్ధం కాలం అది. ఇంట్లో రోగుల్ని సూసుకునే ఆడోళ్లకి ఆడ ఒక క్లాసు పెడతాండ్రి. కట్లు కట్టేది, యాడేడ ఏ ఎముకుండాదో, అట్లాంటివన్నీ. గోడకు ఎముకల పటముండాది. గానీ పెద్ద నర్సమ్మ ఒకనాడు పటాన్ని సూసి, నన్ను సూసి, నన్నే బల్ల మింద కూర్సోబెట్టింది. అంత బక్కగా ఉంటిని. ఇది భుజమెముక, ఇది మోచెయ్యి అని ఆయమ్మ సూపిస్తాంటే ఆడోళ్లు వచ్చి తాకి సూసి పోతాండ్రి. నాకేమో సక్కిలిగిలి. నగితే పక్కటెముకలు కదుల్తాయి, పాఠం సెడతాది. నగకుండా కూర్సోవడమే నా ఉద్యోగం. కడాకు అందురికీ సర్టిఫికెట్లిచ్చిరి. నాకు లేదు. పుస్తకానికి ఎవురన్నా సర్టిఫికెట్టిస్తారా?

ఏం సెప్తాంటిని... ఆ, పెండ్లి. పుంగనూరుకు ఇచ్చినారు. మా అత్త మంచి లావు మనిషి, గొంతూ అంతే. నన్ను సూసి మా నాయన్ను అడిగింది, మిగతా సగం కుప్పంలోనే వదిలిపెట్టి వచ్చినారా అని. ఆమెదేం తప్పు, నాకే అట్ల అనిపిస్తాండె.

ఎండాకాలం. ఊరగాయకు మామిడికాయలు కోస్తాండాం. నా మొగుడు ఊర్లో లేడు, కోలారు పక్క పనికి పోయినాడు. మా అత్త లేసి, తడినేల మింద కాలు జారి, సెయ్యి పోయి కత్తిపీట మింద పడింది. మోచేతి కింద తెగింది. నెత్తురు ఊరికే కారలా పాపా, గుండె కొట్టుకునినట్ల ఎగిరెగిరి వస్తాండాది. పక్కింటాయమ్మ గాయంలో కూరేదానికి కాఫీపొడి ఎత్తుకొని వచ్చె. యుద్ధంలో కాఫీపొడి ఎంత కరువు, అయినా తెచ్చింది, మంచి మనిషి. వద్దంటిని. వద్దంటే సరిపోతాదా, ఇంగేం సెయ్యల్లో సెప్పల్ల గదా. నాకు ఒక్క పేరూ గుర్తు రాలా. ఆ నర్సమ్మ వేలు నా మింద యాడ పడతాండెనో, అది మాత్రం నా ఒంటికి తెలుసు. అందుకని రవిక సెయ్యి పైకి మడిసి, మామ ముందరే, కొత్తకోడల్ని, నా జబ్బ నేనే అదిమి సూసుకుంటాండా.

"నెత్తురు నాకు కారతాంటే, నీ సెయ్యి పిసుక్కుంటాండావేమే?" అనింది మా అత్త.

దొరికె నాకు. జబ్బ లోపలి పక్క, కండ కింద, దబదబ కొట్టుకుంటాండే సోటు. గుండెకాయ నుంచి నెత్తురు ఆ దావనే దిగతాది. దాన్ని ఎముకకేసి అదిమితే కింద గాయంలో నెత్తురు తగ్గతాది. సరే, అదే సోటు ఆమెకు పట్టుకుంటే ఎముకే లేదు. నాకైతే సర్మం తాకితే ఎముక. ఆమె జబ్బ నా నడుమంత ఉండాది, ఎంత అదిమినా మెత్తగా పోతాండాది. ఏడుపొచ్చె నాకు. ఈమెకేమన్నా అయితే నా మొగునికి మొగమెట్ల సూపించేది అని. ఉండే బలమంతా పెట్టి అదిమితే, ఆడ, లోతున, తగిలింది. నెత్తురు తగ్గె.

ఉతికిన గుడ్డ తెమ్మంటే మా మామ కంగారులో ఆమె ఆదివారం సర్చికి కట్టే తెల్లచీర తెచ్చె. సావడానికైనా ఒప్పుకుంటాది గానీ ఆమె ఆ చీర ఇయ్యదు. చించినాం. మడత పెట్టి గాయం మింద గట్టిగా అదిమి పట్టుకుంటిని. తడిసిన గుడ్డ తీయకూడదు పాపా, దాని మిందే ఇంకో మడత పెట్టల్ల. అట్ల సగం చీర అయిపాయె.

కుట్లకు మదనపల్లెకు పోవల్ల. పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడిసే కాలం, ఎత్తు దగ్గర నిలబడిపాయె. అందురూ దిగి తోస్తాండారు, మా మామ కూడా. లోపల మేమిద్దరమే. ఆమె సెయ్యి పైకెత్తి నా భుజాన పెట్టుకొని, గుడ్డ మింద నా సెయ్యి. వేళ్లు తిమ్మిరెక్కె. కొంచెం సెయ్యి మార్సుకుందామని సూసినా. ఆమె కండ్లు మూసుకొనే అనింది:

"తీయొద్దు. నీ ఎముకలు గుచ్చుకుంటాంటేనే బతికుండానని తెలుస్తాండాది నాకు."

బతికింది. మెచ్చుకోవడం గిచ్చుకోవడం ఏమీ లేదు, పైగా చీర గురించి ఏండ్ల తరబడి తిట్టింది. గానీ ఆపొద్దు నుంచి రోజూ నా సంగటి మింద నెయ్యి పోసి, తినేదాకా పక్కనే కూర్సునేది. నేను మళ్ళీ పడితే నీకు బలముండల్ల గదా అనేది. ఇప్పుడు సూడు నన్ను, ఆ నర్సమ్మ లేసొచ్చినా నాలో ఒక్క ఎముక సూపించలేదు. మా అమ్మ కంటే ఆమే ఎక్కువ నాకు. ఆమె పోయినపుడు మూడు దినాలు ఆ నెయ్యి గిన్నె ముట్టుకోలేకపోతిని.

ఇట్ల రా, సెయ్యి పెట్టు. మొదట నీ జబ్బలో సూసుకో. ఆ, అదే. ఇప్పుడు నా దాంట్లో. ఇంకా లోపలికి, నాకేం నొప్పి లేదు, అదుము. మా అత్త పోసిన నెయ్యంతా దాటి పోవల్ల గదా... ఇంకొంచెం. తగిలిందా? కొట్టుకుంటాండాదా? ఆ... సల్లగుండు తల్లీ, నీ సెయ్యి పడినోళ్లందురూ సల్లగుండల్ల. తీయొద్దులే, కొంచేపు అట్లే ఉండనీ...